కుక్క తిరిగొచ్చిన పేజీ

మిర్యాలగూడలో నేనుంటున్న కిరాయి గదికి మొన్న ఒక కొత్త పుస్తకం పార్శిల్‌లో వచ్చింది. మనిషి భూమిని దాటి పైకి వెళ్ళిన చరిత్రను మొదటి నుంచి నేటి దాకా చెప్పే లావాటి పుస్తకం. నున్నని కాగితం, మెరిసే అట్ట, విప్పగానే గుప్పుమనే జిగురు వాసన. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, అలవాటు కొద్దీ నిరాశపడ్డాను. ఇటువంటి పుస్తకాలు నా దగ్గర ఇప్పుడొక అర నిండా ఉన్నా, వాసన విషయంలో ఏ ఒక్కటీ నాకు నమ్మకం కలిగించలేదు. రాకెట్ల పుస్తకం అన్నాక వానకు తడిసి ఎండకు ఆరిన గొంగడి వాసన రావాలి, పిడకల పొగ వాసన రావాలి, ఎక్కడో ఒక పేజీ మూల గొర్రెపాల మరక ఉండాలి. అవేవీ లేని పుస్తకం ఎంత నిజం చెప్పినా, నా ముక్కుకు అది ఇంకా రుజువు కావలసిన వాదనలాగే తోస్తుంది.

ఆ వాసన గల పుస్తకం మా తాతది. నేను పుట్టకముందు, సూర్యాపేట పక్కన జరిగే పెద్దగట్టు జాతరలో ఆయనకు దొరికింది. నాయనమ్మ గాజుల దుకాణం ముందు బేరమాడుతున్నంతలో, ఆ పక్కన నేల మీద పరదా పరిచి పాత పుస్తకాలు అమ్ముతున్న మనిషి దగ్గర తాత చతికిలబడ్డాడట. గొర్రెలు కాసే మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషి ఆయన. మునగాలలో ఏడో తరగతి దాకా చదివి, ఆపైన మందలో పడ్డాడు. జాతర నుంచి అందరూ ప్రసాదమూ చెరుకుగడలూ మోసుకొస్తే తాత మాత్రం అంతరిక్షయాత్రల చరిత్రను చంకన పెట్టుకుని వచ్చాడు. "దేవుని కాడికి పోయి కాయిదాలు తెచ్చుకున్నోడు భూమ్మీద ఈయనొక్కడే" అని నాయనమ్మ ఆ తర్వాత ఎన్ని జాతరలకు పోయినా దెప్పడం మానలేదు. ఇంటికి చేరగానే తాత దానికి సిమెంటు సంచి లోపలి గోధుమరంగు కాగితంతో అట్ట వేశాడు. సిమెంటు ఫ్యాక్టరీలున్న మఠంపల్లి వైపు నుంచి వచ్చే ఆ కాగితం మా చుట్టుపక్కల బడిపిల్లల పుస్తకాలన్నింటికీ కవచం. వానకు లొంగదు, మేకపిల్ల నమిలినా చిరగదు.

యాసంగి వరికోతలు అయిపోయి, కాలువలో నీళ్ళు సన్నబడి, కొయ్యకాళ్ళ మీద ఎండ తెల్లగా పరుచుకునే రోజులలో మా మంద ఊరు విడిచేది. ఎరువు కోసం రైతులు తమ మడుల్లో మందను పడుకోబెట్టమని పిలిచేవారు. ఈ రోజు ఒకరి పొలం, నాలుగు రోజులకు మరొకరి పొలం, అలా మునగాల నుంచి పాలకీడు దిక్కుగా మా సంసారం మెల్లగా నడిచిపోయేది. వేసవి సెలవులు కాబట్టి నేనూ, మా అన్నా వెంట పడేవాళ్ళం. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తగా కలిపిన మామిడితొక్కు. ఈనిన గొర్రె ఉంటే ఆకు దొప్పలో జున్ను. పొద్దంతా చిర్రగోనె ఆడి, కచ్చకాయలాడి, మట్టిపెళ్ళలతో కోటలు కట్టి, అవి చాలక ఒక ఆట మేమే కనిపెట్టాం: గొంగడిని గొట్టంలా చుట్టి, అందులో ఒకరు మోకాళ్ళు గుండెకు ఆనించి ముడుచుకుంటే, మిగిలినవాళ్ళు ఒకటి రెండు లెక్కపెట్టి తోసేవాళ్ళు. అదే మా రాకెట్. గట్టు దిగువన ఆగిన చోటల్లా చంద్రమండలమే.

ఆ ఆటకు మూలం తాత చదువు. పొద్దు వాలి ఇంకా వెలుతురుండగానే, మంద చుట్టూ వల కట్టి, రొట్టెలు కాలుతున్న ఆ కాస్త వ్యవధిలో, తాత కాళ్ళూ చేతులూ కడుక్కుని, గొంగడి మడతలోంచి పుస్తకం తీసేవాడు. దాన్ని వేరెవరూ తాకకూడదని ఎవరూ చెప్పలేదు. కాని తాకేవాళ్ళం కాదు. బొమ్మలు చూడాలంటే తాత భుజం మీదుగా చూడాలి. నాకు చదవడం వచ్చినా ఆ పుస్తకం మాత్రం చెవులతో వినవలసిందే అన్నట్టుండేది. రోజుకు రెండు మూడు పేజీలు, వేసవి ముగిసేసరికి పుస్తకం ముగింపు, మరుసటి వేసవికి మళ్ళీ మొదటి పేజీ. మా నాయనమ్మ రొట్టె తడుతూనే వినేది, వింటూనే విచారణ జరిపేది. తర్వాత కాలంలో కాలేజీ వాదోపవాద పోటీలలో ఎందరో ప్రత్యర్థులు నన్ను నిలదీశారు గాని, ఆమె అడిగినట్టు ఎవరూ అడగలేదు.

అంతరిక్షం నుంచి దిగిన మొదటి మనిషిని పొలంలో పని చేసుకుంటున్న ఒక ముసలమ్మా, ఆమె మనుమరాలూ చూశారని తాత చదివితే, నాయనమ్మ చేతిలో రొట్టె ఆగిపోయేది. "అగో, సూడు! అంత పెద్ద పని జేసినోనికి ఎదురొచ్చింది ముసల్దే గదా! మంచినీళ్ళిచ్చిందా లేదా, సరిగ సదువు" అనేది. పైకి వెళ్ళిన మొదటి స్త్రీ గురించి వినగానే ఆమెకు వచ్చిన సందేహం వేరు. "ఆమె అటు పోతే ఇంట్ల బువ్వ ఎవలు వండిండ్రు?" తాత పుస్తకం పక్కన పెట్టి, "గది రాయలేదే" అంటే, "అసలు సంగతి రాయకుండ ఎందుకు రాసినట్టో!" అని పెదవి విరిచేది. నౌకలోంచి బయటికి వచ్చి, తాడు ఆధారంతో శూన్యంలో తేలిన మనిషిని మేమంతా ఒప్పుకున్నాం. కొత్తగా పుట్టిన గొర్రెపిల్లను కూడా అలాగే కడతాం కదా. ఇక చంద్రుడి దగ్గరికి పోయిన ముగ్గురిలో తాతకు ఇష్టుడు, కిందికి దిగిన ఇద్దరూ కారు, పైనే నౌకలో తిరుగుతూ ఉండిపోయిన మూడోవాడు. "మందకాడ ఒకడుండాలె బిడ్డా. వాడు పేరుకాశపడి దిగితే ముగ్గురూ గాడనే ఖతం" అనేవాడు. చరిత్రను ఇలా కూడా చదవవచ్చునని ఏ విమర్శకుడూ నాకు తర్వాత చెప్పలేదు.

మందకు ఒక కట్టుబాటు ఉండేది. సాయంత్రం గొర్రెలన్నీ వలలోకి చేరాక కుక్కలను చూసుకోవాలి. అవి రెండూ, గండు, చుక్కి, తిరిగి వచ్చి, వాటి ముందు రొట్టె పడేదాకా మనుషులెవరూ ముద్ద ముట్టకూడదు. ఒకసారి చుక్కి ఏ కుందేలు వెంటో పడి రాకపోతే, మేము ఆకలితో నకనకలాడుతూ కూర్చున్నామే గాని నాయనమ్మ ఒక్క తునక ఇవ్వలేదు. కాబట్టి భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి ఒక కుక్క అని విన్నప్పుడు మాకెవరికీ వింత అనిపించలేదు. మందకు ముందు కుక్క నడవడం న్యాయమే. వింత కానిది మరొకటి కూడా: ఆ కుక్క తిరిగి రావడం. తాత ఆ పేజీ చదువుతుంటే గొంతు కొంచెం మారేది, వేగం పెరిగేది. కుక్క ఎక్కిన నౌక గిరగిరా తిరిగి, పెద్ద గొడుగు విప్పుకుని గోధుమచేలో దిగేది. తలుపు తీయగానే కుక్క తోక ఊపుకుంటూ దూకేది. దానికి పాలల్లో రొట్టె నానబెట్టి పెట్టేవాళ్ళు. "పెట్టిండ్రు గద? ఇగ లేవుండ్రి, తినుండ్రి" అనేది నాయనమ్మ. చుక్కిని కూడా అంతటిదాన్ని చేద్దామని ఒకనాడు నేనూ అన్నా దాన్ని గంప కింద కూర్చోబెట్టి లెక్క మొదలుపెట్టామో లేదో, అది గంపతో సహా లేచి మడులన్నీ తిరిగొచ్చింది. మొదటి అంతరిక్షకుక్క కూడా ఇంత గోల చేసిందా అని అడిగితే, "అది సదువుకున్న కుక్క" అన్నాడు తాత.

నేను అయిదో తరగతిలో ఉండగా, చలి మొదలైన రోజులలో, సూర్యాపేటలో ఒక బడి హాలులో వక్తృత్వపు పోటీ జరిగింది. అంశం 'అంతరిక్షంలో మానవుడు'. మా బడిలో మరెవరినీ అడగవలసిన పని లేకపోయింది. నూనె పెట్టి దువ్విన జడలతో, నాయనమ్మ ఇస్త్రీ చెంబుతో మడతలు తీర్చిన గౌనుతో వేదికెక్కి, పుస్తకమంతా ఒక్క ఊపున చెప్పేశాను. కుక్క గోధుమచేలో దిగిన ఘట్టం దగ్గర హాలంతా చప్పట్లు. నా తర్వాత లేచిన అబ్బాయి కోదాడవాడు. నోట్సు తీయకముందే నావైపు చూసి, "ఇందాక ఆ అమ్మాయి చెప్పింది కరెక్టు కాదండీ. ఆ కుక్క తిరిగి రాలేదు. చచ్చిపోయింది" అన్నాడు. నేను బల్ల మీది నుంచి లేచి నిలబడి అరిచాను: "వచ్చింది! మా తాత పుస్తకంల ఉంది!"

నవ్వులు. ఆ నవ్వులలోంచి న్యాయనిర్ణేత విక్టర్ సార్ నెమ్మదిగా అడిగారు. మఠంపల్లిలో సైన్సు టీచరుగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఎన్నడూ గొంతు పెంచరని పేరు.

"ఏ పేజీలో ఉందమ్మా?"

అన్ని వేసవులు విన్న పుస్తకంలో ఒక్క పేజీ సంఖ్య కూడా నాకు తెలియదు.

"సరే. ఆ పేజీ చూసి నా దగ్గరికి రా. ఉంటే మీ బడికొచ్చి, పిల్లలందరి ముందు నాదే తప్పని చెప్తా. లేకపోతే నువ్వు నాకు చెప్పాలె. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. సూర్యాపేట నుంచి మునగాల దాకా బస్సులో నేను కట్టిన ఊహలకు అంతు లేదు: విక్టర్ సార్ మా బడి వరండాలో నిలబడి తప్పు ఒప్పుకుంటున్నారు, కోదాడ అబ్బాయి తల దించుకున్నాడు, తాత గొంగడి సవరించుకుంటూ చిరునవ్వు నవ్వుతున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. మంద ఇంకా రాలేదు. చేతులు కడుక్కోకుండానే చిలక్కొయ్యకు వేలాడుతున్న గొంగడిని దించి, మొదటిసారి ఆ పుస్తకాన్ని నా అంతట నేనే తెరిచాను. కుక్క బొమ్మ ఉన్న పేజీ వెంటనే దొరికింది. దాని కింద ఉన్నది చదివాను. ఆ నౌకను తిరిగి దించే ఏర్పాటే లేదని, ఆ కుక్క విజ్ఞానం కోసం ప్రాణమిచ్చిందని, అచ్చుయంత్రానికి ఏమీ పట్టనట్టు, మామూలు అక్షరాలలో ఉంది. రెండు పేజీలు అంటుకున్నాయేమోనని గోటితో విడదీయబోయాను. అంటుకోలేదు. ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. చాలా పేజీల అవతల వేరే కుక్కలు రెండు, వేరే నౌకలో వెళ్ళి, క్షేమంగా దిగివచ్చాయి. నా కుక్క రాలేదు.

మంద వచ్చేసరికి నేను పుస్తకం గుండెకు అదుముకుని దడి దగ్గర నిలబడి ఉన్నాను. ఆ వయసులో నా లోకంలో చాలామంది మాటలు మార్చేవాళ్ళే; మార్చనివాడు ఒక్క తాత. ఆయన చదివింది ఆ పుస్తకంలో లేకపోతే, మూడోవాడు పైన తిరిగాడన్నది మాత్రం ఉందా, ముసలమ్మ ఎదురొచ్చిందన్నది ఉందా, అసలు చంద్రుడి మీద ఎవరైనా దిగారా?

"తాతా, కుక్క తిరిగొచ్చింది ఏ పేజీల ఉంది?"

తాత కర్రను దడికి ఆనించాడు. నా వైపు చూసి, తర్వాత నాయనమ్మ వైపు చూశాడు. "అడుగు. ఆమెనే అడుగు."

"నేనేం జేసిన?" అంది నాయనమ్మ.

"మొదటి యేడు ఉన్నది ఉన్నట్టే సదివిన బిడ్డా. సదువుడు అయితనే ఈమె రొట్టెల గంప దూరం నూకింది. కుక్కను బయట ఇడిసిపెట్టి తింటరా అని ఎవ్వలిని ముట్టనియ్యలే. పొద్దంతా నడిచొచ్చినోళ్ళం, ఆకలితోనే పండుకున్నం."

"ఔ, నేనే జెప్పిన!" నాయనమ్మ ఏమాత్రం తగ్గలేదు. "మళ్ళ సదివితే కుక్కను తీస్కొచ్చే సదువు, లేకుంటే పుస్తకం పొయ్యిల పెడ్త అన్న. అయితేంది?"

"లేనిది సదివితే అబద్ధం గాదా?"

"అబద్ధమెట్లయితది? వెనకాల రెండు కుక్కలు రాలేదా? అండ్ల ఒకదాన్ని మీ తాత జర ముందుకు తోలుకొచ్చిండు. కుక్కను తోలుడు గొల్లోనికి కొత్తనా?"

నవ్వు రాబోతుంటే బిగబట్టి ఏడ్చాను. తాత నా పక్కన గొంతుకూర్చున్నాడు. "ఆమె మాట ఆమెది. నోట సదివింది నేను. నువ్వు నన్ను నమ్మి అంతమంది ముంగట జెప్పినవ్. సారు కాడికి నేనొస్త పా" అన్నాడు.

ఆదివారం ప్రార్థనలు అయ్యే వేళకు మఠంపల్లిలో దిగాం. సిమెంటు దుమ్ముతో తెల్లబడిన చెట్లు, క్రిస్మస్ దగ్గరపడుతోందని ఇళ్ళ ముందు వేలాడుతున్న రంగుకాగితాల నక్షత్రాలు. విక్టర్ సార్ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, పుస్తకం అందుకుని, ముందు అట్ట తడిమి, "ఇది మా ఊరి కాయితమే" అని మురిసిపోయారు. నేను లేచి నిలబడ్డాను. "పేజీ లేదు సార్. నేను జెప్పింది తప్పు." వెనుక నుంచి తాత, "తప్పు పిల్లది గాదు సారూ" అని మొదలుపెట్టి, నాయనమ్మ తీర్పుతో సహా అంతా చెప్పాడు. ఒక కుక్కను ముందుకు తోలుకొచ్చిన భాగం దగ్గరికి వచ్చేసరికి, గొంతు పెంచరని పేరున్న విక్టర్ సార్ వీధి వినేలా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాతో మాత్రం గంభీరంగానే అన్నారు.

"వచ్చి చెప్పినవు, సంతోషం. మార్కులు మారవు. తెలుసు కదా?"

"తెల్సు సార్."

"నీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది" అంటూ లోపలి నుంచి మరో అంతరిక్షచరిత్ర తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది కూడా చదువు. రెండూ ఒకటే చెప్తున్నయో లేదో చూసి చెప్పు. పెద్దాయనా, మీరు కూడా." తాత, నేను, రెండు పుస్తకాలు, ఒక పొట్లంలో సార్ భార్య కట్టిచ్చిన అరిసెలు, ఆ తిరుగు ప్రయాణంలో నాకు పోటీ సంగతి గుర్తే రాలేదు.

ఆ వేసవిలో కుక్క పేజీ వచ్చిన సాయంత్రం తాత ఆగి నాయనమ్మ వైపు చూశాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "ఉన్నది ఉన్నట్టే సదువుండ్రి. కని ముందుగల్ల మన కుక్కలకు పెట్టుండ్రి" అంది. గండుకు, చుక్కికి రొట్టెలు పడ్డాక తాత ఆ పేజీని మొదటిసారి నా ఎదుట, నెమ్మదిగా, అక్షరం తప్పకుండా చదివాడు. చుక్కి నములుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత అందరం తిన్నాం.

డిగ్రీకి మిర్యాలగూడ వచ్చి వాదోపవాద పోటీలలో పడ్డాక, 'ఏ పేజీలో ఉంది?' అన్నది నా ఊతపదమై, స్నేహితులు నన్ను పేజీ మేడమ్ అని పిలిచేవారు. ఇప్పటికీ అంతరిక్షచరిత్ర ఏది చేతికొచ్చినా ముందు కుక్క పేజీయే తీస్తాను. కొందరు రచయితలు ఒక్క వాక్యంతో దాటిపోతారు. కొందరు బొమ్మ వేసి ఊరుకుంటారు. కొత్త పుస్తకాలు చూశాకే తెలిసింది, పాతవి చెప్పినట్టు ఆ కుక్క ప్రశాంతంగా రోజుల తరబడి బతకలేదని, ఎగిరిన కొన్ని గంటలకే వేడికి తాళలేక చనిపోయిందని. అంటే వినేవాళ్ళు ముద్ద మింగగలిగేలా సంగతిని సవరించింది మా తాత ఒక్కడే కాదన్నమాట. ఆయన కంటే ముందే, ఆయన కంటే పెద్దవాళ్ళు ఆ పని చేసి అచ్చు వేశారు. తేడా అల్లా ఒకటే. అడిగిన పిల్ల వెంట బస్సెక్కి వచ్చి తప్పు ఒప్పుకున్నవాడు మా తాత.

పార్శిల్ వచ్చాక మొదటి ఆదివారమే కొత్త పుస్తకం పట్టుకుని మునగాల వెళ్ళాను. నాయనమ్మ ఇప్పుడు గోడ మీద ఫొటోలో ఉంది, అక్కడి నుంచి కూడా ఏదో అడగబోతున్నట్టే చూస్తుంది. మంద అమ్మేసి చాలా కాలమైంది. కోతలైన మడులను యంత్రాలు ఆ వారమే దున్నేస్తున్నాయి, ఎరువు సంచులలో వస్తోంది, మందను పిలిచే రైతు లేడు. విక్టర్ సార్ లేరు. అట్ట వేసుకునే కాగితపు సంచులూ లేవు. తాత ఉన్నాడు. కంటిచూపు బాగా మందగించి, చదవడం నా పని అయింది, వినడం ఆయన పని. మా అన్న కూతురు నిత్య, రెండో తరగతి, ఆయన గొంగడిలో దూరి కూర్చుంది.

కుక్క పేజీ వచ్చింది. తాత తల వంచుకున్నాడు, నేను ఏం చేస్తానో వినడానికి. ఉన్నది ఉన్నట్టే చదివాను. నిత్య కళ్ళు పెద్దవయ్యాయి. గొంగడిని ముక్కు దాకా లాక్కుంది.

"జర ముందుకు తిప్పు బిడ్డా" అన్నాడు తాత.

తిప్పాను. రెండు కుక్కలు వెళ్ళాయి, తిరిగాయి, దిగాయి. నిత్య గొంగడి కిందికి దించింది.

"దిగినంక వాటికి బువ్వ పెట్టిండ్రా?"

పేజీ చూశాను. ఆ సంగతి రాయలేదు. అసలు సంగతి ఎప్పుడూ రాయరు. ఇద్దరూ నా ముఖం వైపే తిరిగి ఉన్నారు. గోడ మీది ఫొటోతో కలిపితే ముగ్గురు.

"పెట్టిండ్రు" అన్నాను. "పాలల్ల రొట్టె నానబెట్టి."

నిత్య గొంగడిలోంచి చెయ్యి చాచి, పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

"ఏ పేజీల ఉంది, అత్తా?"

తాత గొంగడి అంచు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు గాని, నవ్వుకు ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.